జవాబు తెలిసిన ప్రశ్నలు: ఒక షిఫ్ట్ ఇన్‌చార్జ్ కేసు

కౌన్సెలర్‌గా నేను చూసిన ఈ కేసు ముగిసి ఏడాది దాటింది. దీన్ని రాయడానికి సంబంధిత వ్యక్తి ఒప్పుకున్నారు. రాసింది చదివి, లేత్ మిషన్ (ఇనుప కడ్డీని తిప్పుతూ చెక్కేది) గురించి నేను రాసిన రెండు తప్పులు దిద్దారు కూడా. ఆయన్ని ఇక్కడ కిరణ్ అంటాను. అసలు పేరు అది కాదు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, ఆ షాప్ ఏదో తెలిసేలాంటివన్నీ తీసేశాను. మిగిలింది జరిగింది జరిగినట్టే. అందులో నేను చేసిన పొరపాట్లు కూడా ఉన్నాయి, నిజానికి ఇది రాయాలనిపించింది వాటివల్లే.

నేపథ్యం

విశాఖలో స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్, పోర్టు అనగానే పెద్ద గేట్లు, సైరన్లు గుర్తొస్తాయి. వాటి వెనక గాజువాక ఆటోనగర్ లాంటి చోట్ల రేకుల షెడ్లలో నడిచే చిన్న మెషీన్ షాపులు ఎన్నో ఉన్నాయి. పెద్ద ఫ్యాక్టరీలకు కావలసిన షాఫ్టులు, బుష్‌లు, రోలర్లు అక్కడ తయారవుతాయి. మా నాన్న ఫిట్టర్. చిన్నప్పుడు ఆయన చొక్కాకి అంటుకొచ్చే కూలెంట్ (మిషన్ మీద సరుకు వేడెక్కకుండా పోసే ద్రవం) వాసన నాకు ఇప్పటికీ గుర్తే. ఈ కేసు ఒప్పుకోవడానికి అదొక కారణమేమో, చెప్పలేను.

ముప్పై మంది దాకా పనిచేసే అలాంటి ఒక షాప్‌లో కిరణ్ షిఫ్ట్ ఇన్‌చార్జ్. వయసు ఇరవై ఏడు. తండ్రి పోర్టులో కలాసీగా చేసి నడుం పడిపోయి ఇంట్లో కూర్చున్నారు. కిరణ్ పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మిషన్) ఆపరేటర్‌గా చేరి, నాలుగేళ్లలో ఇన్‌చార్జ్ అయ్యాడు. తనకంటే పదీ ఇరవై ఏళ్లు పెద్దవాళ్ల మీద. అందరికంటే ముందొస్తాడు, అందరూ వెళ్లాక వెళ్తాడు. రాత్రి ఇంటికెళ్లి మిషన్ల వీడియోలు చూస్తాడు. ఈసెట్ రాసి బీటెక్ చేయాలని కోరిక.

ఏ సమస్యతో వచ్చారు

ఫోన్ చేసింది షాప్ యజమాని. "మేడమ్ గారూ, కుర్రాడు బంగారం. కానీ నోరు చూస్తే భయం. కాస్త మంచిగా మాట్లాడడం నేర్పండి చాలు" అన్నారు. ఆయన బాధకి కారణం ఉంది. కిరణ్ ఇన్‌చార్జ్ అయిన ఐదు నెలల్లో ఇద్దరు మంచి టర్నర్లు (లేత్ మీద పనిచేసేవాళ్లు) మానేశారు. ఒక హెల్పర్ ఆయనతో మాట్లాడటమే మానేశాడు. పైగా ఇంత పరుగు పెట్టిస్తున్నా రిజెక్షన్, అంటే సైజు కుదరక పనికిరాకుండా పోయే సరుకు, తగ్గకపోగా పెరిగింది.

మొదటి నిర్ణయం అప్పుడే తీసుకోవాల్సొచ్చింది. ఫీజు ఇచ్చేది యజమాని, నా ముందు కూర్చునేది కిరణ్. మరి నా క్లయింట్ ఎవరు? ఇక్కడ తేడా వస్తే తర్వాత ఏం చేసినా నిలబడదు. కిరణ్ సిట్టింగ్‌లకు వచ్చాడా లేదా అన్నదొక్కటే చెబుతాననీ, లోపల మాట్లాడుకున్నది చెప్పననీ యజమానికి ముందే రాసిచ్చాను. ఆయనకి అంతగా నచ్చలేదు కానీ ఒప్పుకున్నారు.

కిరణ్ మొదటి రోజు కొత్త నోట్‌బుక్, రెండు పెన్నులతో వచ్చాడు. కూర్చోకముందే "ఎన్ని సిట్టింగ్‌లు పడుతుంది మేడమ్?" అన్నాడు. తర్వాత ఇంకో ప్రశ్న అడిగాడు. దాన్ని నేను అప్పుడు సరిగా వినలేదు. "నేను మాట్లాడే పద్ధతి మార్చుకుంటే రిజెక్షన్ తగ్గుతుందా?"

ఆ ప్రశ్నలో వెటకారం ఉందనుకున్నాను. లేదు. ఆయన నిజంగానే అడిగాడు. సమస్య షాప్‌లో ఉందా, తన నోట్లో ఉందా అని తేల్చుకోవాలనుకున్నాడు. ఆ రోజు ఆ తీగ పట్టుకుని ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి.

మొదట చేసింది, అది ఎలా బెడిసికొట్టింది

యజమాని చెప్పిన మాటనే నేను రోగ నిర్ధారణగా తీసుకున్నాను. పని తెలిసినవాడు, మనుషులతో మెలగడం తెలియదు, కాబట్టి మెలగడం నేర్పాలి. ఇలాంటి వాళ్లకి ఇచ్చే మామూలు అభ్యాసాలే ఇచ్చాను. రోజూ పది నిమిషాలు షాప్ అంతా తిరిగి ఒక్కొక్కరితో మాట్లాడాలి. ఎదుటివాళ్లు చెప్పింది తిరిగి వాళ్లకే చెప్పి, సరిగ్గా విన్నారో లేదో చూసుకోవాలి. ఇంటి క్షేమం అడగాలి.

కిరణ్ శ్రద్ధగా చేశాడు. ఏం చేసినా శ్రద్ధగానే చేస్తాడు, చిక్కంతా అక్కడే. మూడో సిట్టింగ్‌కి నోట్‌బుక్ తెచ్చి చూపించాడు. గీతలు గీసి పట్టిక వేశాడు. తేదీ, పేరు, విషయం, చివర టిక్కు. "మంగళవారం, హెల్పర్, వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పి, విన్నాను." "బుధవారం, మిల్లింగ్, కూతురి స్కూల్ ఫీజు, విన్నాను." ఒక వారంలో పద్దెనిమిది మందిని విన్నాడు. ఆ పట్టిక చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

షాప్‌లో జరిగింది నేను ఊహించనిది. ఐదు నెలలు "సైజు ఎంత, టైం ఎంత" తప్ప ఇంకో మాట మాట్లాడని మనిషి ఒక్కసారిగా చేతిలో పుస్తకంతో వచ్చి ఇంట్లో ఎంతమంది, అప్పులున్నాయా, అమ్మ ఎలా ఉందని అడిగితే పనివాళ్లు ఏమనుకుంటారు? మనుషుల్ని తీసేయడానికి లిస్టు తయారవుతోందనుకున్నారు. వారం తిరక్కుండా ముగ్గురు యజమాని దగ్గరికెళ్లి "మమ్మల్ని తీసేస్తున్నారా సార్?" అని అడిగారు.

ఇది నా తప్పు. ఎదుటివాళ్ల బాధ తెలుసుకోవాలన్న కుతూహలం లేకుండా, తెలుసుకుంటున్నట్టు కనబడే పద్ధతి మాత్రం చేతికిచ్చాను. కిరణ్ దాన్నీ ఒక టార్గెట్ చేసుకున్నాడు. చేసుకోకపోతేనే ఆశ్చర్యం.

రెండో ప్రయత్నం: వేగం తగ్గించమనడం

అప్పుడు ఇంకో వైపు తిరిగాను. ఈ మనిషికి దూకుడు ఎక్కువ, కాస్త తగ్గితే ఎదుటివాళ్లు కనబడతారు అనుకున్నాను. నిద్ర, శ్వాస, ఆదివారం పూర్తిగా సెలవు, ఫోన్‌లో మిషన్ వీడియోలు బంద్. రెండు సిట్టింగ్‌లు ఇదే మాట్లాడాను. తర్వాతి రెండింటికి కిరణ్ రాలేదు.

మళ్లీ వచ్చినప్పుడు కారణం అడిగితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వాళ్ల నాన్న సంగతి చెప్పాడు. పోర్టులో ఒక రోజు ఒంట్లో బాగోక కాస్త నెమ్మదించారట. ఆ రోజు గ్యాంగులోంచి పక్కన పెట్టారు, తర్వాత నెలంతా పని సరిగా దొరకలేదు. "మా ఇంట్లో తగ్గడం అంటే అది మేడమ్" అన్నాడు.

నేను ఆరోగ్యం గురించి చెబుతున్నాననుకున్నాను. ఆయనకి వినబడింది మాత్రం "నువ్వెక్కిన మెట్టు దిగు" అని. మిల్లర్, రోల్నిక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక హెచ్చరిక చేశారు. సాయం చేసేవాళ్లకి ఎదుటివాళ్లని వెంటనే సరిచేయాలన్న తొందర ఉంటుంది, మనం ఎంత గట్టిగా "మారు" అని తోస్తే వాళ్లు అంత గట్టిగా మారకపోవడానికి కారణాలు చెబుతారు అని. ఇది నేను వేరేవాళ్లకి పాఠంగా చెప్పినదే. కిరణ్ తన టర్నర్లతో ఏం చేస్తున్నాడో నేను కిరణ్‌తో సరిగ్గా అదే చేస్తున్నాను. ఆయన సైజు చూసి తప్పు పట్టుకునేవాడు, నేను స్వభావం చూసి తప్పు పట్టుకున్నాను.

ఆ రోజు నోట్స్‌లో ఒక్క వాక్యం రాసుకున్నాను: "ఈ పట్టుదలని తగ్గించడం నా పని కాదు. అది దేనివైపు చూస్తోందో చూడాలి."

షాప్‌కి వెళ్లడం

"మీరే ఒకసారి వచ్చి చూడండి మేడమ్, తప్పెవరిదో మీకే తెలుస్తుంది" అన్నాడు కిరణ్. నేను వెంటనే సరేననలేదు. కౌన్సెలింగ్ గదిలోనే జరగాలంటారు, దానికి కారణముంది. నేను షాప్‌లో అడుగుపెడితే కిరణ్ నా దగ్గరికొస్తున్నాడని అందరికీ తెలుస్తుంది. "పిచ్చి డాక్టర్ దగ్గరికెళ్తున్నాడట" అన్న మాట పుట్టడానికి ఒక్క టీ బ్రేక్ చాలు. ఇంకోవైపు చూస్తే, గదిలో నేను వింటున్నది ఒక్కరి కథ. ఈ రెండూ కిరణ్ ముందే పెట్టి, నిర్ణయం ఆయనకే వదిలేశాను. ఆయన రెండు రోజులు తీసుకుని, రమ్మన్నాడు. షాప్‌లో అందరి ముందు "ఈవిడ దగ్గర నేను మాట్లాడటం నేర్చుకుంటున్నాను" అని తనే చెప్పేశాడు. ఎవరూ నవ్వలేదు. వెనకనుంచి ఎవరో "బేగా నేర్చుకోండి సార్" అన్నారు, అప్పుడు మాత్రం అందరూ నవ్వారు.

నేను చూసింది పది నిమిషాల సంఘటన. ముందు రోజు మధ్యాహ్నం షిఫ్ట్‌లో చేసిన షాఫ్టులు ఇన్‌స్పెక్షన్ టేబుల్ మీద ఉన్నాయి. రెండు అండర్‌సైజు. సైజు ఎక్కువైతే మళ్లీ మిషన్ ఎక్కించి గీకొచ్చు, తక్కువైతే స్క్రాపే. ముప్పై ఏళ్ల అనుభవమున్న టర్నర్ ఒకరున్నారు, అందరూ మేస్త్రి అంటారు. కిరణ్ ఆయన్ని పిలిచి, సైజు కొలిచే మైక్రోమీటర్ చేతిలో పెట్టాడు.

"చదవండి. ఎంతుంది?"

మేస్త్రి చదివారు. సంఖ్య చెప్పారు.

"రిజిస్టర్లో మీరు ఎంత రాశారు? అదీ చదవండి."

అదీ చదివారు. రెండింటికీ తేడా ఉంది. కిరణ్ గొంతు పెంచలేదు, తిట్టలేదు, "మీరు" అనే అన్నాడు. మేస్త్రి ఇంకేం మాట్లాడకుండా మిషన్ దగ్గరికి వెళ్లిపోయారు. యజమాని చెప్పిన "నోరు" సమస్య అక్కడ లేనే లేదు. పెద్దమనిషిని అందరిముందు ఎక్కాలు అప్పగించమన్నట్టుగా ఉంది ఆ పద్ధతి.

అక్కడే నాకు వెలిగింది. కిరణ్ అడిగే ప్రశ్నలన్నీ జవాబు ముందే తెలిసినవి. పదో తరగతి నుంచి డిప్లొమా దాకా ఆయన చూసిన ప్రశ్నలన్నీ అలాంటివే. అడిగేవాడి దగ్గర జవాబుల కీ ఉంటుంది, చెప్పేవాడు దానికి సరిపోవాలి. అలాంటి ప్రశ్న కుతూహలంతో పుట్టదు, పరీక్షించడానికి పుడుతుంది. ఆ ప్రశ్నలతో పైకొచ్చిన కుర్రాడు ఇప్పుడు కీ పట్టుకున్న కుర్చీలో కూర్చున్నాడు.

ఏది పనిచేసింది

తర్వాతి సిట్టింగ్‌లో ఒక్కటే అడిగాను. "మీ షాప్‌లో మీకు నిజంగా తెలియని విషయం ఒకటి చెప్పండి."

ఏదో ఒకటి చెప్పేస్తాడనుకున్నాను. చెప్పలేకపోయాడు. తెలియదని ఒప్పుకోవడమంటే ఆయన దృష్టిలో మార్కులు పోవడమే. గడువు వారం ఇచ్చాను. వారం తర్వాత వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఒకే డ్రాయింగ్, ఒకే మెటీరియల్. మధ్యాహ్నం షిఫ్ట్‌లో పోతున్నన్ని షాఫ్టులు రాత్రి షిఫ్ట్‌లో పోవట్లేదు. ఎందుకో తెలీదు మేడమ్."

దీనికి జవాబు నాకూ తెలియదు, అది ఈ కేసులో మాకు దక్కిన అదృష్టం. తెలిసుంటే ఎక్కడో ఒకచోట హింట్ ఇచ్చేసేదాన్ని. రెండు వారాలకి మూడు షరతులు పెట్టుకున్నాం. దేన్నీ సరిచేయకూడదు, కనుక్కోవడమే. మిషన్ మీద ఉన్న మనిషిని అడగాలి. జవాబు తెలిసిన ప్రశ్న అడగకూడదు. మూడో షరతు వినగానే కిరణ్ "అయితే ఏం అడగాలి?" అన్నాడు. చాలాసేపు ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయన పట్టుదల ఇక్కడ బాగా పనికొచ్చింది. మొదట టూల్ అరుగుదల అనుకున్నాడు. కాదు. మధ్యాహ్నం వోల్టేజీ పడిపోతోందేమో అనుకున్నాడు. అదీ కాదు. తర్వాత మైక్రోమీటర్ల జీరో చూస్తే రెండింటిలో కొంచెం తేడా తేలింది. దొరికేసిందని సంబరంగా ఫోన్ చేశాడు. మర్నాడు లెక్క వేసుకుంటే ఆ తేడా సరిపోలేదు. ఎప్పుడూ అలవాటు లేని పని చేశాడప్పుడు. మూడు మధ్యాహ్నాలు మేస్త్రి లేత్ పక్కన స్టూల్ వేసుకుని, ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

మూడో రోజు మేస్త్రే మాట్లాడారు. (మిషన్ మీదున్న సరుకుని అక్కడ జాబ్ అంటారు.) "ఏటి బాబూ, మూడ్రోజుల్నించి చూస్తన్నారు. జాబ్ మీద చెయ్యెయ్యండోసారి."

వేశాడు. కాలింది.

"వేడి మీద కొలిస్తే అంతే మరి. చల్లారాక ముడుచుకుంటాది."

కిరణ్ ఈ సంగతి చెబుతున్నప్పుడు ముఖం ఎర్రబడింది. ఉక్కు వేడెక్కితే వ్యాకోచిస్తుందని ఆయనకి తెలియదా? ఆ ఫార్ములాకి డిప్లొమాలో ఫుల్ మార్కులు వచ్చాయి. మీటరు పొడవుకి డిగ్రీకి పదకొండున్నర మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). ఎనభై మిల్లీమీటర్ల వ్యాసానికి లెక్కేస్తే డిగ్రీకి దగ్గర దగ్గర ఒక మైక్రాన్. షాప్ కంటే జాబ్ పాతిక డిగ్రీలు వేడిగా ఉంటే 23 మైక్రాన్ల తేడా. ఆ షాఫ్టుకి ఉన్న టాలరెన్స్, అంటే సైజులో ఒప్పుకునే తేడా, మొత్తమే 30. వేడి మీద సరిగ్గా మధ్యలోకి తెచ్చిన సైజు చల్లారేసరికి కిందికి జారిపోతుంది. కిరణ్ పనిచేసొచ్చిన సీఎన్‌సీ మీద కూలెంట్ ధారగా పడుతూ జాబ్‌ని చల్లగా ఉంచేది. అందుకే ఈ సంగతి ఆయన చేతికి ఎప్పుడూ తగల్లేదు.

మరి రాత్రి షిఫ్ట్‌లో ఎందుకు పోవట్లేదు? కథలో అసలు ముడి ఇది. ఇదివరకు మేస్త్రి ముందు అన్ని జాబ్‌లూ రఫ్ కట్ (ముందు పైపైన గీకడం) చేసి వరసగా పేర్చేవారు. టీ తాగి వచ్చాక, చల్లారినవి ఒక్కొక్కటిగా ఫినిషింగ్ చేసేవారు. కిరణ్ ఇన్‌చార్జ్ అయిన కొత్తలో ఆ వరస చూసి, సరుకు ఊరికే పడుంటోంది, టైం వేస్ట్ అనుకున్నాడు. ఎక్కించిన జాబ్ పూర్తిచేసే దించాలని రూల్ పెట్టాడు. మిషన్ మీద కొలిచిన సైజు టాలరెన్స్ మధ్యలో ఉండాలని ఇంకో రూల్. మధ్యాహ్నం షిఫ్ట్‌లో ఆయన ఎదురుగా ఉంటాడు కాబట్టి రూల్ నడిచింది. రాత్రి ఎవరూ చూడరు కాబట్టి పాత పద్ధతే నడిచింది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు మేస్త్రీ?" అని అడిగాడట కిరణ్.

"నన్నెవరడిగారు బాబూ? చదవమన్నారు, చదివాను. మధ్యలో పెట్టమన్నారు, పెట్టాను."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగడానికే నెలలు పట్టింది.

ఆ వారం కిరణ్ నా దగ్గరికి వచ్చినప్పుడు కళ్లు మెరుస్తున్నాయి. కొలతలకి కూడా ఒక ప్రామాణిక ఉష్ణోగ్రత ఉందనీ, అది 20 డిగ్రీలనీ, 1931లో అంతర్జాతీయంగా ఒప్పుకున్నారనీ చదివాడట. వెంటనే ఏసీ గది కట్టించాలని యజమానికి చెప్పబోయాడు. కానీ ఈసారి ముందు మేస్త్రిని అడిగాడు. మైక్రోమీటరూ ఉక్కే, జాబూ ఉక్కే, రెండూ షాప్ వేడికి వస్తే రెండూ ఒకేలా సాగుతాయి, చల్లారేదాకా ఆగితే చాలని అక్కడ తేలింది. ఏసీ గది ఖర్చు తప్పింది.

సంతోషం వెనకే వచ్చింది

తర్వాతి సిట్టింగ్‌కి వేరే మనిషి వచ్చాడు. మానేసిన ఇద్దరిలో ఒకరు ఈ రిజెక్షన్లకే మాట పడి వెళ్లిపోయారు. "ఆయన తప్పు చేయలేదు మేడమ్. రూల్ పెట్టింది నేను." నోట్‌బుక్ తీసి మళ్లీ పట్టిక మొదలుపెట్టాడు. ఎవరెవరికి క్షమాపణ చెప్పాలో, ఏ మీటింగ్‌లో చెప్పాలో.

ఇక్కడ నేను బాగా ఆలోచించాను. ఓదార్చేస్తే ఆ బాధ తేలికైపోతుంది, దానితో రావలసిన తెలివిడి కూడా పోతుంది. పట్టికని మెచ్చుకుంటే, మళ్లీ టిక్కులే. మీటింగ్‌లో అందరిముందు క్షమాపణ అంటే మేస్త్రికి ఇంకోసారి అందరిముందు నిలబడటమే. అందుకని "ఆ క్షమాపణ ఎవరికి పనికొస్తుంది?" అని మాత్రం అడిగి ఊరుకున్నాను. అది కూడా నాకు జవాబు తెలియని ప్రశ్నే.

కిరణ్ పట్టిక చింపేశాడు. మేస్త్రితో విడిగా, టీ కొట్టు దగ్గర మాట్లాడాడు. మేస్త్రి విని, "సరేలెండి, మూడో నంబరు లేత్ సౌండు సంగతి చూడండి ముందు" అని మాట మార్చేశారట. మానేసిన టర్నర్‌కి ఫోన్ చేస్తే మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి, పరవాడ వైపు ఇంకో పనిలో కుదిరానని చెప్పి, రెండు నిమిషాల్లో పెట్టేశాడు. తిరిగి రాలేదు. రాకపోవడం న్యాయమేనని కిరణ్ అన్నాడు, నేనేమీ అనలేదు.

చేతి తుప్పు

మాట్లాడటం మానేసిన హెల్పర్ సంగతి చెప్పాలి. కుతూహలం ఒక్క లేత్ దగ్గర ఆగిపోలేదని నాకు నమ్మకం కలిగింది ఇక్కడే.

షాప్ గోడకి ఒక పాత బ్లాక్‌బోర్డు తగిలించారు. తెలియని విషయం ఎవరైనా దానిమీద రాయొచ్చు. ఆలోచన కిరణ్‌దే, నేను ఒక్కటే అడిగాను, మొదటి నెల రాసినవాళ్ల పేరు పక్కన వద్దని. మొదటి పది రోజులు కిరణ్ చేతిరాత తప్ప ఏమీ లేదు. తర్వాత ఒక రోజు ఎవరో వంకర అక్షరాలతో రాశారు: "నేను తుడిచినవే ఎందుకు తుప్పు పడతాయి?"

వర్షాకాలంలో విశాఖ గాలి తెలిసిందే. సముద్రపు ఉప్పు, తేమ. ఫినిషింగ్ అయిన షాఫ్టుల మీద తెల్లారేసరికి వేలిముద్రల ఆకారంలో తుప్పు మచ్చలు కనబడేవి. అవి ఎక్కువగా ఆ హెల్పర్ పట్టుకున్నవాటి మీదే. "చేతులు కడుక్కోవా?" అని కిరణ్ ఆయన్ని చాలాసార్లు అన్నాడు. ఆ కుర్రాడు రోజుకి ఎన్నోసార్లు సబ్బుతో కడుక్కునేవాడు. కడిగినా తుప్పు వచ్చేది. తన చేతిలోనే ఏదో దోషముందని భయపడి, ఇంటి దగ్గర తాయెత్తు కూడా కట్టించుకున్నాడని తర్వాత తెలిసింది.

కిరణ్ ఆ ప్రశ్నని పట్టుకుని వెతికాడు. చెమటలో ఉప్పు ఉంటుంది, అది ఉక్కుని తినేస్తుంది. కొందరి చెమట మిగతావాళ్లకంటే ఎక్కువ తుప్పు పట్టిస్తుంది. లోహాలతో పనిచేసే చోట్ల ఇది తెలిసిన విషయమే, శుభ్రతతో దీనికి సంబంధం లేదు. కడిగిన పది నిమిషాలకే చెమట మళ్లీ పడుతుంది. పరిష్కారం చిన్నది: గ్లౌజులు, తుడిచిన వెంటనే రస్ట్ ఆయిల్. కిరణ్ ఇది బోర్డు మీద రాయలేదు. హెల్పర్‌ని పక్కకి పిలిచి చెప్పాడు. ఎందుకలా అని నేనడిగితే, "బోర్డు మీద రాస్తే ఎవరి చెయ్యో అందరికీ తెలిసిపోతుంది కదా మేడమ్" అన్నాడు. పద్దెనిమిది టిక్కుల పట్టిక తెచ్చిన మనిషి నోటి నుంచి ఈ మాట వినడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

యజమాని ఫోన్

ఈ మధ్యలో ఒక గండం గడిచింది. బోర్డు పెట్టిన నెలలో రిజిస్టర్లో తప్పులు ఒక్కసారిగా పెరిగాయి. యజమాని ఫోన్ చేసి, కాస్త కోపంగానే, "మీరు మెత్తబరిచారు, వీళ్లు నెత్తికెక్కారు" అన్నారు. నేను రాసిచ్చిన మాట ప్రకారం ఏమీ చెప్పడానికి లేదు. కిరణ్ అనుమతి తీసుకుని, ముగ్గురం కలిసి కూర్చున్నాం. అమెరికాలో ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లు లెక్కపెట్టారు. బాగా పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయనుకుంటే, నమోదైనవి వాటిలోనే ఎక్కువ తేలాయి. అక్కడ తప్పు జరిగితే దాచకుండా చెబుతున్నారన్నది ఆవిడ చూపించిన కారణం. ఇది చెప్పాను. యజమాని ఒప్పుకోలేదు. కిరణ్ స్క్రాప్ డబ్బా బరువు లెక్క తెచ్చి చూపించాడు. రిజిస్టర్లో తప్పులు పెరిగాయి, డబ్బాలో ఇనుము తగ్గింది. ఇదివరకు రాయకుండా డబ్బాలో పడేసినవి ఇప్పుడు రాస్తున్నారు. ఆయన్ని ఒప్పించింది పరిశోధన కాదు, డబ్బా.

నేను తీసుకున్నవి

మొదటి రెండు నెలలు నేను ఒక విషయం తప్పుగా చూశాను. పట్టుదల ఒకవైపు, సానుభూతి ఇంకోవైపు ఉంటాయనీ, ఒకటి తగ్గిస్తే ఇంకోటి పెరుగుతుందనీ తక్కెడలా ఊహించాను. కిరణ్ విషయంలో అలా జరగలేదు. ఆయన పట్టుదల ఒక్క గ్రాము తగ్గలేదు. సంఖ్య చేరుకోవాలన్న పట్టుదల, ఎందుకో కనుక్కోవాలన్న పట్టుదలగా మారింది. ఎందుకో కనుక్కోవాలంటే ఎదుటి మనిషి చెప్పేది వినక తప్పదు. మనుషుల మీద ప్రేమ పుట్టి వినలేదు ఆయన, వినవలసిన అవసరం పుట్టి విన్నాడు. వింటూ వింటూ మిగతాది వచ్చింది. అందరికీ ఈ వరసలోనే వస్తుందని నేను అనను. ఎదుటివాళ్ల బాధ చూడగానే కరిగిపోయి, పని ఆపేసే మనిషికి ఈ దారి పనికిరాదు. అలాంటి కేసు ఇంకోటి నా దగ్గర నడుస్తోంది, అక్కడ నేను ఇంకా తడుముకుంటూనే ఉన్నాను.

సానుభూతిని పద్ధతిగా, నైపుణ్యంగా మొదట నేర్పడం నేను మానేశాను. అది తర్వాత పనికొస్తుంది. మొదటి సిట్టింగ్‌లలోనే ఇప్పుడు "మీకు తెలియనిది ఏమిటి?" అని అడుగుతున్నాను. చాలామంది దగ్గర వెంటనే జవాబు ఉండదు. ఆ మౌనం ఎంతసేపుంటుందో అన్నదాన్నిబట్టే నాకు చాలా అర్థమవుతోంది.

పని చోటుని చూడకుండా పని మనిషిని అంచనా వేయడం గురించి కూడా. ఆ షాప్‌కి వెళ్లకపోయి ఉంటే "నోరు" కోసం ఇంకో ఆరు నెలలు మందు వేసేదాన్ని. వెళ్లడంలో ప్రమాదం ఉంది, అది కిరణ్ తీసుకున్నాడు, నేను కాదు. నిర్ణయం ఆయనకి వదిలినందుకే ఆ రాక ఆయనదైంది.

తర్వాత

ఆరు నెలల తర్వాత ఒకసారి కలిశాం. డిస్పాచ్ రోజున ఇప్పటికీ అరుస్తాడట, మేస్త్రే చెప్పారు, "అరుస్తాడు, మళ్లీ వచ్చి అడుగుతాడు" అని. ఈసెట్ ఆ ఏడు రాయలేదు, వచ్చే ఏడు రాస్తానన్నాడు. హెల్పర్‌కి చిన్న లేత్ మీద కూర్చోబెట్టి నేర్పుతున్నారు.

బోర్డు మీద అప్పటికి ఒక్క ప్రశ్నే మిగిలింది. వాన పడిన రోజుల్లో మూడో నంబరు లేత్ ఎందుకు మోగుతుంది? మేస్త్రి ఫౌండేషన్ బోల్టులు అంటారు, కిరణ్ బెల్ట్ అంటాడు, హెల్పర్ రేకుల కప్పు మీద చినుకుల ప్రతిధ్వని అంటాడు. బోల్టులు బిగించి చూశారు, బెల్ట్ మార్చి చూశారు. ఎండాకాలం కాబట్టి తేలలేదు.

"వాన కోసం చూస్తున్నాం మేడమ్" అన్నాడు కిరణ్.